ఐదో గ్రూపు ఎలుకలు

నా మొదటి ఉద్యోగం ఎలుకల మెదళ్ళు నూరడం. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్ అని ఉండేది. ఇరుగుపొరుగు ఎవరైనా అడిగితే అమ్మ "రీసెర్చి" అని చెప్పి మాట మార్చేసేది.

మా ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ క్లాసులో పదకొండు మందిమి. ఏడుగురు అమీర్‌పేటలో జావా కోర్సుల్లో చేరారు. ఇద్దరు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కి వెళ్ళి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎక్కడి డాక్టర్లో గొణిగింది టైపు చేసేవారు. ఒకమ్మాయి పెళ్ళి చేసుకుని కాకినాడ వెళ్ళింది. చదివిన చదువుకి తగిన పని దొరికింది నాకొక్కడికే. మొదటి ఆరు నెలలు అది గర్వంగా ఉండేది. తర్వాత ఎవరైనా గుర్తు చేస్తే నీరసం వచ్చేది.

ల్యాబు కంటోన్మెంటు వైపు, ఒక పాత బంగళాలో. కింద ఆఫీసు, పైన మేము, వెనక రేకుల షెడ్డులో ఎలుకలు. మా ఇల్లు లాలాగూడలో రైల్వే క్వార్టర్సు. నాన్నగారు రైల్వే ఆఫీసులో గుమాస్తా. నాకు ఏడేళ్ళప్పుడు బదిలీ మీద విజయనగరం నుంచి వచ్చాం. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉండేది.

"అక్కడే ఆగు నానా. ముందు పెరట్లో కొళాయి కిందకెళ్ళు."

"చేతులు కడుక్కునే వచ్చానమ్మా."

"చేతులు కడిగితే సరిపోద్దేటి? ఎలక చేతిలోనే ఉందేటి, బట్టల్లో నేదా?"

వాదించే ఓపిక ఉండేది కాదు. వెళ్ళి పోసుకునేవాణ్ణి.

మా ప్రాజెక్టు నరాల మీద పనిచేసే విషాల గురించి, ఇంకా చెప్పాలంటే వాటికిచ్చే విరుగుడు మందుల గురించి. యుద్ధాల్లో వాడే విషాలు మాలాంటి ల్యాబుకి రావు, రాకూడదు. వాటికి దూరపు చుట్టం, పత్తి చేలల్లో కొట్టే పురుగుమందు. మేము దాంతో పని చేసేవాళ్ళం. నరానికీ నరానికీ మధ్య ఒక రసాయనం కబురు మోస్తుంది. కబురు అందాక దాన్ని తుడిచేసే ఎంజైమ్ ఒకటుంటుంది. విషం వెళ్ళి ఆ ఎంజైమ్‌ని పట్టుకుని కూర్చుంటుంది. ఇక కబురు ఆగదు. నోట నురగ వస్తుంది, ఒళ్ళు వణుకుతుంది, ఊపిరి అందదు. ఆసుపత్రిలో రెండు ఇంజెక్షన్లు ఇస్తారు. అట్రోపిన్ ఆ కబురుని లోపలికి చేరనివ్వదు. రెండోది, డాక్టర్లు పామ్ అనేది, ఎంజైమ్‌ని విషం నుంచి విడిపిస్తుంది.

సకాలంలో ఇస్తే మనిషి బతుకుతాడు. కానీ ఈ గొడవలో మెదడులోని కొవ్వు ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది, మూత పెట్టని డబ్బాలో నూనె పాతబడినట్టు. పుస్తకాల్లో దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. విరుగుడు ఇస్తే ఆ చెడు తగ్గుతుందా, అలాగే ఉంటుందా, లేక విరుగుడు కూడా తన వంతు పెంచుతుందా? మేము తేల్చాల్సింది అది. ప్రశ్న నాది కాదు, అక్కది. ఆమె పీహెచ్‌డీ.

అక్క అంటే మా అక్క కాదు. నేను చేరేసరికి ఆ ల్యాబులో ఆమెకి ఐదో ఏడు. ఇల్లు దగ్గర్లోనే, కార్ఖానా అనే బస్తీలో. తాతల నాటి నుంచీ వాళ్ళది మిలిటరీ వాళ్ళకి యూనిఫాంలు కుట్టే కొట్టు. మొదటి రోజు నేను "మేడమ్" అని పిలిచాను.

"మేడమేంది? నేనేమన్న హెడ్‌మిస్ట్రెస్‌నా? అక్కా అను."

"అలాగేనండీ అక్కా."

"అక్కకు అండీ ఏంది మల్ల! ఇంట్ల సుత గిట్లనే మాట్లాడ్తవా?"

ఆమెకి ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు మాటయి ఉంది. జూన్ నెలాఖరుకి థీసిస్ సమర్పించినట్టు కాగితం చూపిస్తే ఉద్యోగం ఆమెది. లేకపోతే వరసలో తర్వాతి మనిషిది. ఫెలోషిప్ కూడా ఆ నెలతోనే ఆఖరు. ఈ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. జూన్ అనే మాట ఎవరు ఏ సందర్భంలో అన్నా అక్క ఒకసారి గోడ క్యాలెండరు వైపు చూసేది.

నాకు ముందు ఆ పని చేసినతను ట్యూబుల మీద నంబర్లు చెరిగిపోయే పెన్నుతో రాసేవాడట. ఏది ఏ ఎలుకదో తెలియక రెండు బ్యాచ్‌లు పారబోశారు. అందుకే సార్, అంటే అక్క గైడు, మా ప్రాజెక్టుకి పెద్ద, ఇంటర్వ్యూలో నన్ను సబ్జెక్టు పెద్దగా అడగలేదు. నా ప్రాక్టికల్ రికార్డు తిరగేసి, "మార్జిన్లు ఎర్ర ఇంకుతో కొట్టావే. అన్ని పేజీలూ ఇలాగే ఉంటాయా?" అన్నారు. ఉంటాయన్నాను. అంతే.

చేరిన వారంలోనే నేనొక పట్టిక తయారు చేశాను. ఐదు గ్రూపులు. ఒకటి, ఉప్పునీళ్ళు మాత్రమే ఎక్కించినవి. రెండు, విషం. మూడు, విషం, దాని మీద అట్రోపిన్. నాలుగు, విషం, అట్రోపిన్, పామ్. ఐదు, విషం లేకుండా విరుగుళ్ళు రెండూ. బ్యాచ్‌కి పది ఎలుకలు, గ్రూపుకి రెండేసి. పది మెదళ్ళు పది సీసాల్లో, ట్రేలో ఎడమ నుంచి కుడికి, ఒకటో గ్రూపుతో మొదలై ఐదో గ్రూపుతో ఆఖరు. నూరడమూ ఆ వరసలోనే. ఒక్కో ఎలుకకీ ఎనిమిది కాలమ్‌లు. అందులో రెండు టైము కాలమ్‌లు: నూరడం మొదలెట్టిన టైము, ఆసిడ్ పోసిన టైము. అవి ఎవరూ అడగలేదు. పేజీలో చోటుంది కదా అని రాసేవాణ్ణి.

"రైలొచ్చే టైమా, పోయే టైమా గది?" అనేది అక్క. "మీ నాయిన రైల్వేల ఉన్నడని ఎలుకలకు సుత టైంటేబుల్ రాస్తున్నవ్."

సార్ మాత్రం ఆ పుస్తకాన్ని పక్క గదిలో స్కాలర్ల ముందు పెట్టి, "చూడండయ్యా, పద్ధతంటే ఇదీ" అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి కొళాయి కింద నిలబడి చాలాసేపు ఒంటి మీద నీళ్ళు పోసుకున్నాను, సంతోషంగా.

బ్యాచ్ రోజు ఇలా నడిచేది. ఎనిమిదింటికి మా అటెండరు బోయిన్‌పల్లి నుంచి సైకిలు మీద వచ్చేవాడు, వెనక క్యారియరు మీద గోనెసంచిలో మంచుగడ్డ. ల్యాబులో మంచు చేసే మిషను నేను రాక ముందే పాడైంది. కరెంటు కోతల వల్ల ఫ్రీజరుని ఎవరూ నమ్మేవారు కాదు. అతను గడ్డని నేల మీద పెట్టి సుత్తితో పగలగొట్టి బకెట్టు నింపేవాడు. యాభై దాటిన మనిషి. ఎలుకల్ని పిల్లల్ని తిట్టినట్టు తిట్టేవాడు, వాటికి నీళ్ళు మాత్రం తన చేత్తోనే పెట్టేవాడు.

తొమ్మిదింటికి అక్క తలుపు వేసుకునేది. ఎలుకల్ని చంపే పని ఆమె ఇంకెవరికీ ఇవ్వలేదు. నేను ఒకసారి సాయం చేస్తానన్నాను. "నీ మొఖం చూస్కో పో" అంది. మందులిచ్చాక అన్నిటికీ ఒకే వ్యవధి కావాలి కనక పదీ గంటలోపు అయిపోవాలి. పదింటికి ఆమె బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కిటికీ దగ్గర నిలబడేది. ఆ పావుగంట ఎవరం ఆమెతో మాట్లాడేవాళ్ళం కాదు. మంచు బకెట్టులో సీసాలు నా దగ్గరికి వచ్చేవి. ఒక్కో ముక్కని తూచి, గాజు గొట్టంలో వేసి, రోకలి లాంటి కడ్డీతో చేత్తో నూరి, ఆసిడ్ పోసి, గొట్టం కడిగి, మళ్ళీ ఇంకోటి. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఆసిడ్ పోస్తే ఆ ముక్క అక్కడితో ఆగిపోతుంది, ఇక మారదు. మధ్యాహ్నం అన్నీ కలిపి రసాయనం వేసి వేడినీళ్ళలో ఉడికిస్తే గులాబీ రంగు వస్తుంది. కొవ్వు ఎంత చెడితే అంత ముదురు గులాబీ. రంగుని కొలిచే మిషను, స్పెక్ట్రోలో పెట్టి అంకె చదవడం, రాయడం.

జనవరి నుంచి మార్చి దాకా ఆరు బ్యాచ్‌లు చేశాం. అంకెలు మెట్లెక్కినట్టు వచ్చాయి. ఒకటో గ్రూపు అన్నిటికన్నా తక్కువ. రెండోది ఎక్కువ, అది రావాల్సిందే. మూడోది ఇంకా ఎక్కువ. నాలుగోది ఇంకా. ఐదోది, విషం చుక్క ఎరగని ఐదో గ్రూపు, అన్నిటికన్నా పైన.

సార్ గ్రాఫు చూసి కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "విరుగుడే మెదడుని పాడు చేస్తోందమ్మా. ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు."

"బ్యాచ్ బ్యాచ్‌కు అట్లనే వస్తుంది సార్," అంది అక్క. ఐదేళ్ళలో ఆమె చేతికి దొరికిన మొదటి పెద్ద విషయం అది.

థీసిస్‌లో నాలుగో అధ్యాయమంతా దాని మీదే నిలబడింది. ఒక సెమినార్‌కి చిన్న వ్యాసం కూడా సిద్ధం చేశారు. బంగళాలో ఈ వార్త పాకింది, కింద ఆఫీసు దాకా. ఒకరోజు మంచు పగలగొడుతూ అటెండరు నన్ను అడిగాడు.

"సార్, గా ఇంజెక్షన్ మంచిది కాదంటున్నరంట గదా?"

"ఏ ఇంజెక్షను?"

"పురుగుల మందు తాగినోళ్ళకు ఇచ్చేది. మా బామ్మర్ది తాగిండు, రెండేండ్లయింది. పత్తి పోయి పరేషాన్‌ల తాగిండు. పెద్ద దవాఖానల గదే ఇచ్చిన్రు. బతికిండు. ఇప్పుడు జెర మతిమరుపు ఉన్నది ఆయనకు. గది గా ఇంజెక్షన్ వల్లనేనా?"

ఎలుకల్లో చూశామని, మనుషుల సంగతి వేరని, ఇంకా తేలలేదని చెప్పాను. అతను తలూపాడు. సుత్తి మళ్ళీ ఎత్తి, "ఇయ్యకపోతే సచ్చేటోడు గదా మరి," అని గడ్డ మీద వేశాడు.

ఏప్రిల్ మొదట్లో సార్ ఇంకో బ్యాచ్ చేయమన్నారు, అంకెలు ఇంకొంచెం బలంగా ఉంటాయని. ఆ బ్యాచ్ రోజే నాకు ఇంటర్వ్యూ పడింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీ, సాఫ్ట్‌వేర్ టెస్టింగు. స్నేహితుడొకడు నా బయోడేటా తనే పంపేశాడు. అక్కతో చెప్పాను.

"పోయి రా. ఒక్కరోజు నేనే నూరుకుంట. ఐదేండ్ల సంది చెయ్యలేదా ఏంది?"

నేను తిరిగి ల్యాబుకి వచ్చేసరికి మూడైంది. టై ఇంకా మెడలోనే ఉంది. అక్క స్పెక్ట్రో ముందు కూర్చుని ఉంది, పుస్తకం మూసి ఉంది.

"చూడు జెర," అంది.

అంకెలు తలకిందులుగా ఉన్నాయి. ఉప్పునీళ్ళ గ్రూపు అన్నిటికన్నా పైన. ఐదో గ్రూపు అడుగున.

"సీసాలు తారుమారు చేశారక్కా."

"చెయ్యలే."

"చేసే ఉంటారు. ట్రే అటుదిటు పెట్టుంటారు."

"అరే, నేనేమన్న నిన్న పుట్టిన్నా? సీసా మీద నంబర్ చూడకుండ నూరుతనా? పది సీసాలల్ల పది నంబర్లు చూసిన. నువ్వు ఒక్కరోజు టై కట్టుకోంగనే నాకు లెక్క నేర్పొచ్చినవా?"

నాకూ కోపం వచ్చింది. నా పట్టికని ఒక్క రోజులో ఇంకొకరు చెడగొట్టారనుకున్నాను. ఆమె గొట్టం ఎలా పట్టుకుంది, ట్రే ఎక్కడ పెట్టుకుంది, మొత్తం మళ్ళీ చేసి చూపించమన్నాను. ఆమె విసుగ్గా లేచి చేసి చూపించింది. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుంది, ట్రే ఎడమ పక్కన పెట్టుకుంది. ఆమెది ఎడమచేతి వాటం, మాకందరికీ తెలుసు. చెయ్యి చాపితే ముందు అందేది కుడి చివరి సీసా. ఆమె అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. ఐదో గ్రూపుతో మొదలుపెట్టి ఒకటో గ్రూపుతో ముగించింది.

అంతే తేడా. నంబర్లు సరైనవే. మెదళ్ళు సరైనవే. వరస మారింది, అంకెలు వరసతో పాటు మారాయి.

నేను మంచు బకెట్టు వైపు చూశాను. అందులో నీళ్ళు, పైన తేలుతున్న నాలుగు పలుకులు. ఎనిమిదింటికి నింపిన బకెట్టు పదకొండింటికే సగం నీళ్ళవుతుందని నాకు రోజూ కనపడుతూనే ఉండేది. సీసాలు మునక్కుండా చూసుకున్నానే తప్ప, ఒక్కరోజు అందులో థర్మామీటరు పెట్టలేదు. ఎనిమిది కాలమ్‌లున్న నా పట్టికలో ఉష్ణోగ్రతకి కాలమ్ లేదు.

సార్‌కి ఆ సాయంత్రం అక్క అంకెలు మాత్రమే చూపించింది. ఆయన "ఆ బ్యాచ్ తీసేయండి, ఏదో పొరపాటు జరిగింది" అన్నారు. అలా తీసేయడం ల్యాబుల్లో కొత్తేం కాదు.

మర్నాడు నేను గ్రాఫు కాగితం తీసుకుని కూర్చున్నాను. నా టైము కాలమ్‌ల నుంచి ఒక్కో మెదడూ పదింటి నుంచి నూరేదాకా ఎన్ని నిమిషాలు ఆగిందో లెక్క కట్టాను. తన బ్యాచ్‌కి అక్క కూడా ఆ కాలమ్‌లు నింపే ఉంచింది. అడ్డంగా నిమిషాలు, నిలువుగా రీడింగు. డెబ్బై ఎలుకలు, డెబ్బై చుక్కలు. గ్రూపులు చూడకుండా పెట్టాను. చుక్కలన్నీ ఒకే ఏటవాలు పట్టీలో పడ్డాయి. ఎంతసేపు ఆగితే అంత పైకి. అక్క చేసిన బ్యాచ్ చుక్కలు కూడా అందులోనే కలిసిపోయాయి. విషం ఇచ్చిన గ్రూపులు మాత్రం ఆ పట్టీలో కొంచెం పై అంచున ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. మేము మూడు నెలలు కొలిచింది విరుగుడు మందుని కాదు. మెదడు ముక్కలు కరిగిన మంచులో ఎంతసేపు కూర్చున్నాయో కొలిచాం. ఐదో గ్రూపుని ప్రతిసారీ ఆఖరున కూర్చోబెట్టింది నేను, నా చక్కటి వరసతో.

నాకు ముందున్నతను, ఆ గజిబిజి మనిషి, చేతికందిన సీసా నూరేవాడు. అతనే ఉండి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు.

కాగితం అక్కకి ఎలా చూపించాలో నాకు తెలియలేదు. చూపించకపోతే ఏమవుతుందో వరసగా రాసుకున్నాను కూడా. ఒకటి, ఏమీ కాదు. రెండు, జూన్‌లో థీసిస్. మూడు, ఆమెకి ఉద్యోగం. నాలుగో నంబరు వేసి ఏం రాయాలో తోచక కాగితం మడిచాను. అన్నాల వేళ, ఆమె డబ్బా తెరవక ముందే, ఎదురుగా పెట్టేశాను.

ఆమె చాలాసేపు చూసింది. ఒక చుక్క మీద వేలు పెట్టి, "ఇది ఐదో గ్రూపు కదా?" అంది. అవునన్నాను. ఇంకో చుక్క మీద పెట్టింది. "ఇది?" అదీ ఐదే. "ఇది నేను చేసింది?" అవును.

"మంచిగనే గీసినవ్," అని కాగితం పక్కన పెట్టి డబ్బా మూత తీసింది. తినలేదు. మూత మళ్ళీ పెట్టింది.

"తప్పు నాది అక్కా. వరస నేను పెట్టాను."

"నువ్వు పెట్టినవ్. నేను ఒప్పుకున్న. సార్ మెచ్చుకున్నడు. ముగ్గురం చదువుకున్నోళ్ళమే." డబ్బా పక్కకి జరిపి, "ఇంకెవలకన్న చూపించినవా?" అంది.

"లేదు."

"నేనే చూపిస్త."

ఆమె సార్ గదిలోకి వెళ్ళేటప్పుడు నన్నూ రమ్మంది. సార్ గ్రాఫుని వెలుతురు వైపు తిప్పి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి. ఎదురుగా మూడు ప్రాజెక్టుల ఫైళ్ళు, దారాలు ఊడినవి.

"ఈ టైములు ఎవరు రాయమన్నారు నిన్ను?" అని నన్నడిగారు.

"ఎవరూ రాయమనలేదు సార్."

"ఊఁ." కాగితం తిరిగి ఇచ్చారు. "చూడమ్మా. మళ్ళీ చేయాలంటే అరవై ఎలుకలు కావాలి. జంతువుల కమిటీ అనుమతి, ఎలుకలు వచ్చి ఎదగడం, ఇదంతా అయ్యేసరికి జులై దాటుతుంది. నీ జూన్ పోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసి, 'మరింత పరిశీలన అవసరం' అని ఒక వాక్యం పెట్టు. పరీక్షకులు వరస గురించి అడగరు. ఈ అబ్బాయి నీకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంటానంది. వారం రోజులు ఆలోచించుకుంది. ఆ వారంలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, జూన్ రెండో వారంలో చేరాలి. అదీ ఆమెకి చెప్పలేదు. ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం గాజుసామాను కడుగుతున్నాం.

"మా అన్న ఏమంటున్నడో తెలుసా?" అంది. "ఐదేండ్లు ఎలుకల్ని చంపినవ్, ఇంకో ఐదు చంపుతవా అంటున్నడు."

"మీరేమన్నారు?"

"ఇంకో అరవయ్యే అన్న."

మళ్ళీ చేయడానికి సార్ లెక్క చెప్పిన అరవై.

"జూన్?" అన్నాను.

"పోతది."

"అక్కా, సార్ చెప్పింది నిజమే. ఈ థీసిస్ ఎవరు చదువుతారు? లైబ్రరీలో పెడతారు."

"ఎవ్వలు చదవరు. గది నాకు తెల్వదా? గని నేను చదివిన గదా," అంది. బ్రష్షుని గొట్టంలో గట్టిగా తిప్పుతూ, "మొన్న అటెండరు అడుగుతున్నడు. నువ్వేదో చెప్పినవంట ఇంకా తేలలేదని. నన్ను అడిగితే ఏం చెప్పాలె? తేలింది, ఆ ఇంజెక్షన్ మీ బామ్మర్ది మెదడు ఖరాబు చేసింది, పుస్తకంల రాసిన అని చెప్పాల్నా? ఎవడో ఒక చిన్న డాక్టరు, ఎక్కడో ఒక ఊర్ల, గది విని చెయ్యి ఆపితే?"

ఆ సోమవారమే ఆమె కమిటీకి అర్జీ రాసింది. నేను టైపు చేశాను. ఎదిగిన ఎలుకలే దొరికాయి, మే ఆఖరుకి వచ్చాయి. డిగ్రీ కాలేజీకి ఆమే వెళ్ళి, పోస్టు ఇంకొకరికి ఇచ్చుకోమని చెప్పి వచ్చింది. ఉత్తరం రాయొచ్చు కదా అన్నాను. "మొఖం మీద చెప్తెనే మంచిది, ఆశ పెట్టుకోరు," అంది. ఆశ ఎవరిదో నేను అడగలేదు.

కొత్త పద్ధతి ఆమె పెట్టింది. పది చీటీలు రాసి డబ్బాలో వేసి, ప్రతి ఉదయం అటెండరు చేత తీయించేది. అతను కళ్ళు మూసుకుని తీసేవాడు, మూసుకోనక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా. ఏ చీటీ వస్తే ఆ సీసా. సీసాల మీద గ్రూపు ఉండదు, నంబరు మాత్రమే. ఏ నంబరు ఏ గ్రూపో రాసిన కాగితం సార్ బీరువాలో. గంటకోసారి మంచు మార్చడం. ఒక్కొక్కటి నూరే ముందు ఉష్ణోగ్రత చూసి రాయడం. జూన్ మొదటి వారం ఎండలు తగ్గక మంచుగడ్డ తెచ్చేటప్పటికే చిన్నదయ్యేది. అటెండరు రెండు ట్రిప్పులు వేసేవాడు.

ఆరు బ్యాచ్‌లలో రెండింటికి నేనున్నాను. ఆఫర్ సంగతి రెండో బ్యాచ్ రోజున చెప్పాను. నేను చేసిన పొరపాటుని ఆమె సరిదిద్దుకుంటుంటే మధ్యలో వదిలి వెళ్తున్నానని నాకు తెలుసు. చేరే తేదీ మార్చమని కంపెనీని అడగొచ్చు. అడగలేదు. పోతుందేమోనని భయం. అప్పటికి ఇంట్లో కూడా చెప్పేశాను.

"గీ మాట నెల సంది కడుపుల పెట్టుకున్నవా?" అంది అక్క. కోపంగా కాదు. "పో తమ్మీ. గీ గొట్టాలు ఎన్ని రోజులు నూరుతవ్? ఆ పట్టిక మాత్రం ఉంచి పో, నాకు కాలమ్‌లు గియ్యరాదు."

పుస్తకం వంద పేజీల దాకా కాలమ్‌లు గీసి ఇచ్చి వచ్చాను.

కొత్త ఉద్యోగంలో పని ఇది: ఒక ప్రోగ్రాంలో ఏ మీట నొక్కితే ఏం జరగాలో జాబితా ఉంటుంది, నొక్కి చూసి, జరిగిందా లేదా అని రాయాలి. నాకు సరిపోయే పనే. పొద్దున ఏడింటికి కంపెనీ బస్సు, సాయంత్రం ఏడింటికి ఇల్లు. అమ్మ గుమ్మంలో ఆపడం మానేసింది. నేను తిన్నగా వెళ్ళి మంచం మీద పడేవాణ్ణి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను వచ్చింది. రిసెప్షన్‌లో నిలబడి తీసుకున్నాను.

"బీరువా తెరిచినం," అంది అక్క. వెనక ఫ్యాను చప్పుడు.

"ఏమొచ్చింది?"

"విషం ఇస్తే పెరిగింది. విరుగుళ్ళిస్తే జెర తగ్గింది, జెరంతనే. మన ఐదో గ్రూపు..." ఆగింది.

"చెప్పండక్కా."

"ఏం లేదు. ఉప్పునీళ్ళ లెక్కనే ఉన్నది. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేవ్."

"మంచిదే కదా."

"మంచిదే. అందరికి తెలిసిందే. సార్ 'ఊఁ' అన్నడు. నాలుగో అధ్యాయం పాతది మొత్తం తీసేసిన. ఇప్పుడు మూడు పేజీలు వచ్చింది. బోయిన్‌పల్లిల ఒక జూనియర్ కాలేజీ ఉంది, పార్ట్ టైం ఇస్తనన్నరు. పొద్దుగాల పాఠం, సాయంత్రం రాసుడు. వచ్చే ఏడుకన్న అయితదేమో చూడాలె."

సారీ చెప్పాలనుకున్నాను. అప్పటికి చాలాసార్లు చెప్పాను. ఇంకోసారి చెబితే ఆమె తిడుతుంది. అటెండరుకి చెప్పారా అని అడిగాను.

"చెప్పిన. ఇంజెక్షన్ తప్పు లేదు, ఆయన మతిమరుపు విషం వల్ల అయ్యుండొచ్చు, వయసు వల్ల అయ్యుండొచ్చు, మాకు తెల్వదు అన్న. 'గంతేనా? గింతకు మూడు నెలలు మంచు మోసిన్నా?' అన్నడు." నవ్వింది, నీరసంగా. "సరే పెడుతున్న. నీ పని చూస్కో."

నేను సీటుకి తిరిగి వచ్చాను. తెరమీద జాబితాలో నలభై ఒకటో వరస దగ్గర ఆగి ఉన్నాను. నలభై రెండోది నొక్కాను. జరగాల్సింది జరిగింది. జరిగిందని రాశాను.